ఆంబ్రోస్ వెల్‌బోర్న్ కట్టిన శిఖరం

వాల్‌ఫ్లీట్ చర్చి శిఖరం వంగిందని మొట్టమొదట అన్నది దాన్ని కట్టిన ఆర్కిటెక్టు భార్యే.

శిఖరం కొసన, గాలి ఎటు వీస్తే అటు తిరిగే రాగి గాలికోడిని నిలబెట్టడానికి ఇంకా వారం ఉంది. పరంజా కొయ్యల్లో పై సగం ముందురోజు సాయంత్రమే విప్పేశారు. కెజయా వెల్‌బోర్న్ పొద్దున్నే టీ కాస్తూ వంటింటి కిటికీలోంచి చూసింది. ఊరి పైకప్పులన్నిటికీ పైన, లేత పసుపు రాయి ఏ కొయ్యా అడ్డం లేకుండా మొదటిసారి కనబడింది.

"ఆంబ్రోస్, ఒకసారి ఇలా రా," అంది. "నీ శిఖరం తూర్పుకి ఒరగలేదూ?"

గడ్డం మీద సబ్బు నురగతోనే వచ్చి చూశాడు ఆంబ్రోస్. లేదన్నాడు. కిటికీ చట్రం అంచుకీ శిఖరం అంచుకీ జత కలిపి, ఒక కన్ను మూసి మళ్లీ చూశాడు. గడ్డం మీద నురగ ఆరిపోయింది.

"లేదు," అన్నాడు మళ్లీ, ఈసారి కాస్త మెల్లగా.

"ఏమో, నాకేం తెలుసు. కళ్లకి కనబడిందని అన్నాను."

"ప్రతి వరసకీ తీగకు సీసపు గుండు వేలాడదీసి నిటారు చూసుకున్నాం కెజయా. ఒక్క రాయి కూడా తూకం తప్పలేదు."

"అయితే మంచిదే. ఊళ్లోవాళ్లకి కూడా తలో గుండూ పంచిపెట్టు. చూసుకుంటారు."

ఆమె ఎగతాళికే అంది. కానీ మధ్యాహ్నానికల్లా ఊళ్లో ఎవరి నోట విన్నా అదే మాట. పాలు పోసే ఆవిడ రొట్టెల కొట్టులో చెప్పింది. రొట్టెల కొట్టాయన మంగలి దగ్గర చెప్పాడు. సాయంత్రానికి సంతబజారులో జనం గుంపులు గుంపులుగా నిలబడి, బొటనవేలు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి ఆకాశంలోకి చూస్తున్నారు. అందరి బొటనవేళ్లూ ఒకే సంగతి చెప్పాయి. శిఖరం తూర్పుకి ఒరిగింది.

ఆంబ్రోస్ పుట్టిన ఏడాదే పాత శిఖరం గాలివానకు కూలిపోయింది. ఆ చప్పుడుకే తనకు నొప్పులొచ్చాయని వాళ్లమ్మ చెప్పేది. అప్పటినుంచి మా చర్చికి మొండి బురుజు ఒక్కటే మిగిలింది. చుట్టుపక్కల చిత్తడి నేలంతా అరచేయిలా చదునుగా ఉంటుంది కనక, పక్క ఊళ్ల శిఖరాలు ఎంత దూరం నుంచైనా కనబడతాయి. సంతకొచ్చిన పొరుగూరి పిల్లలు "మీ చర్చి టోపీ ఎక్కడ పారేసుకుందిరా?" అని మావాళ్లను ఏడిపించేవాళ్లు. ఆంబ్రోస్ తండ్రి బండిచక్రాలు చేసేవాడు. కొత్త బండి పలకల మీద కొడుకు సుద్దముక్కతో శిఖరాలు గీస్తే, ఆయన ఏమీ అనకుండా వాటిమీదే రంగు పూసేవాడు. అలా మా ఊరి శిఖరాలు చాలానే రంగు కింద దాగి, ఎరువు మోసుకుంటూ పొలాలు తిరిగాయి.

పెద్దయ్యాక లింకన్ పట్టణంలో ఒక ఆర్కిటెక్టు దగ్గర పని నేర్చుకున్నాడు. నేర్చుకుని అక్కడే ఉండిపోతే వేరే సంగతి. తిరిగి వాల్‌ఫ్లీట్ వచ్చి, సంతబజారులో ఒక గది తీసుకుని, తలుపు మీద పేరు రాయించాడు. మా ఊళ్లో ఇల్లు కావాలంటే మేస్త్రీని పిలిచి కాలితో నేల మీద గీత గీసి చూపించడం అలవాటు. కాగితం మీద గీసే మనిషితో ఏం పనో ఎవరికీ అర్థం కాలేదు. ఆంబ్రోస్ ఏ పనొచ్చినా కాదనలేదు. బజారులో నీళ్ల పంపు, దొంగలను పెట్టే గది, శ్మశానం గేటు, బడి, చుట్టుపక్కల పల్లెల్లో మెథడిస్టుల ప్రార్థనాలయాలు, అన్నీ కట్టాడు. తెల్లలేడి సత్రం నడిపే థర్జా ఓడ్లింగ్ పందులకు కొట్టం కట్టమంటే, దానికి ఇటుకలతో కమాను ద్వారం పెట్టాడు.

"పందులకు గర్వం నేర్పావు నాయనా," అనేది థర్జా. ఆవిడ అందరినీ నాయనా అనే పిలిచేది. "మేత వేస్తే మొహం తిప్పుకుంటున్నాయి. వెండి పళ్లెంలో తెమ్మంటాయి కాబోలు."

చేపలు పట్టి అమ్ముకునే ఇంటి పిల్ల కెజయాను పెళ్లి చేసుకున్నాడు. కాలవ వైపు తానే గీసి కట్టిన ఇటుక ఇంట్లో కాపురం పెట్టాడు. నలభై దాటాయి. సారా బట్టీ పొగగొట్టం కంటే ఎత్తయినదేదీ ఆయన చేత ఎవరూ కట్టించలేదు.

అలాంటి రోజుల్లో పాలిస్టర్ అనే పాదిరీగారు కొత్తగా వచ్చారు. వయసులో ఉన్న మనిషి. మొండి బురుజును చూసి ఆయనకు నిద్ర పట్టలేదట. శిఖరం కట్టించి తీరాలన్నారు. లండన్ నుంచి నమూనాలొచ్చాయి. వాటి మీద చెక్కిన దేవదూతలూ సింహాలూ ఎన్నున్నాయో లెక్కలేదు. అప్పుడు చర్చి పెద్ద, ధాన్యం వ్యాపారి జెత్రో బగ్ బల్ల మీద గుద్ది, "మన ఊరి టోపీ మన ఊరివాడే కుట్టాలి. వెల్‌బోర్న్‌ను పిలవండి," అన్నాడు. ఆంబ్రోస్ మామూలుగా గీసిన ఎనిమిది పలకల శిఖరం అందరికీ నచ్చింది. కాబట్టి శిఖరానికి మాట పడితే ఆంబ్రోస్‌తో పాటు బగ్‌కీ పడుతుంది. బగ్‌కి ఇంకేమైనా పడేది గానీ నవ్వులపాలు కావడం పడేది కాదు.

పని మొదలుపెట్టేముందు ఆంబ్రోస్ బురుజు పాదం తవ్వించి చూశాడు. పాత బురుజు పడమరకు కొంచెం ఒరిగి ఉంది. దాని వాలులోనే శిఖరం లేపితే బరువంతా ఒక పక్కకే పడుతుంది. అందుకని బురుజు ఎలా ఉన్నా, శిఖరం కొస మాత్రం సరిగ్గా బురుజు పాదం నడిమధ్యకు పైన నిలవాలని తేల్చుకున్నాడు. నేల మీద ఆ నడిమధ్యన ఇత్తడి మేకు ఒకటి తానే దిగ్గొట్టాడు. ఈ సంగతి చర్చి పెద్దల సభలో చెప్పాడు కూడా. ఆ రోజు అక్కడ గంటలు ఎవరు మోగించాలన్న గొడవ నడుస్తోంది. ఎవరి చెవికీ ఎక్కలేదు. విన్నది ఒక్క డేనియల్ క్రాగ్, మేస్త్రీ. ఆంబ్రోస్ తండ్రికి స్నేహితుడు, తెల్లగడ్డం ముసలాయన. ఆంబ్రోస్‌ను ఇప్పటికీ అబ్బాయ్ అనే పిలుస్తాడు.

ఒరిగిందన్న మాట పుట్టిన మూడో రోజున చర్చి గదిలో సభ జరిగింది. బగ్ కూర్చోలేదు.

"పై సగం దింపేయాల్సిందే," అన్నాడు. "నిన్న పొరుగూరు వెళ్తే, మీ చర్చికి టోపీ పెట్టారట, పక్కకు వాల్చి పెట్టారటగా, తాగొచ్చిందా అన్నారు. నా మొహం మీదే అన్నారు."

"కూలుతుందని కదండీ భయపడాల్సింది. కూలదు," అన్నాడు ఆంబ్రోస్.

"కూలితే కూలిందంటారు, పోతుంది. వంకరగా నిలబడితే మన మనవల కాలం దాకా నవ్వుతారు."

"మిస్టర్ వెల్‌బోర్న్," అన్నారు పాదిరీగారు. "మీ కళ్లకు ఎలా కనిపిస్తోంది? నిజం చెప్పండి."

ఆంబ్రోస్ మూడు రోజులుగా ఊళ్లో ప్రతి మూల నుంచీ చూస్తున్నాడు. పంపు దగ్గర నుంచి, బడి గేటు నుంచి, సత్రం అరుగు మీద నుంచి.

"వంగినట్టే కనిపిస్తోందండీ," అన్నాడు.

గదిలో గోల లేచింది. గోడకు ఆనుకుని నిలబడ్డ క్రాగ్ తల పట్టుకున్నాడు. ఆంబ్రోస్ గొంతు పెంచాడు.

"కనిపిస్తోంది. కానీ వంగలేదు. కొస నుంచి నేల దాకా గుండు వదులుతాను. అందరి ముందూ వదులుతాను. నా మేకు మీదకు రాకపోతే, నా చేతులతో నేనే సగం దింపుతాను. ఇక ఈ ఊళ్లో పెన్సిలు పట్టను."

"సంత రోజున వదలాలి," అన్నాడు బగ్. "అందరూ చూడాలి."

"సంత రోజునే."

"మేకు మీదకొస్తే?" అన్నారు పాదిరీగారు బగ్ వైపు తిరిగి.

"వస్తే ఉండనివ్వండి. వచ్చాక చూద్దాం."

బయటికొచ్చాక క్రాగ్ ఆంబ్రోస్ చొక్కా పట్టుకున్నాడు. "వంగినట్టే ఉందని ఎవడైనా ఒప్పుకుంటాడుట్రా అబ్బాయ్?"

"నీకెలా కనిపిస్తోంది మావా?"

క్రాగ్ పైకి చూశాడు. కిందకి చూశాడు. "నా కళ్లకి వయసైపోయింది," అన్నాడు.

ఆ రోజు భోజనంలో కెజయా ఉప్పు పట్టించిన పంది మాంసం వడ్డించి తన కంచం ముట్టుకోలేదు. "నా నోరు ఊరుకోదు. ఆ పొద్దు కిటికీ వైపు చూడకుండా ఉండాల్సింది."

"అందరికీ కిటికీలున్నాయి కెజయా," అన్నాడు ఆంబ్రోస్. "తిను. చల్లారిపోతోంది."

సంత రోజు వచ్చింది. ఆ పొద్దు గొర్రెలను బేరమాడినవాడు లేడు, బాతుల గంపలను చూసినవాడు లేడు. అన్నీ బజారులో వదిలేసి జనం చర్చిలోకి దూసుకొచ్చారు. చోటు చాలక బల్లల మీదకు ఎక్కారు. బల్లల మీద బూట్లతో ఎక్కకూడదని పాదిరీగారు కేకలేసి, ఏమీ కనబడక, కాసేపటికి తానూ ఒక బల్ల ఎక్కారు. బురుజు లోపల అంతస్తుల పలకలన్నీ మధ్యలో తీయించారు. తలెత్తి చూస్తే శిఖరం కొస దాకా ఒకటే చీకటి గొట్టం. ఆ పైన ఎక్కడో డేనియల్ క్రాగ్ ఉన్నాడు. ఆ వయసులో వద్దన్నా వినకుండా నిచ్చెనలెక్కాడు.

సన్నటి రాగి తీగ కొసన సీసపు గుండు, పెద్ద ముల్లంగి దుంపంత. అంత ఎత్తు నుంచి వేలాడే గుండు ఒక పట్టాన నిలవదు. దాన్ని నీళ్లలో ముంచితే త్వరగా నెమ్మదిస్తుంది. థర్జా ఓడ్లింగ్ సత్రం నుంచి తొట్టి మోయించుకొచ్చింది.

"ఇందులో బీరు వాసనొస్తోందే," అన్నాడు బగ్.

"కడిగే తెచ్చాను నాయనా. బీరుతో తెస్తే నీ గుండు కూడా తూలుతుందని నాకు తెలీదూ?"

జనం గొల్లుమన్నారు. ఆంబ్రోస్ నవ్వలేదు. తొట్టి పెడితే మేకు కనబడదు కాబట్టి, ముందే మేకుకు సరిగ్గా పైన తొట్టి కంటే ఎత్తున రెండు దారాలు ఒకదానికొకటి అడ్డంగా బిగించి కట్టాడు. రెండూ కలిసే చోట తీగ తగలాలి. దారాలు తానే కట్టాడు, మోకాళ్ల మీద కూర్చుని, బగ్‌ను పిలిచి చూపించి, చుట్టూ తిరిగి మళ్లీ చూసుకుని.

"వదులుతున్నా," అని పైనుంచి క్రాగ్ గొంతు గొట్టంలోంచి వచ్చినట్టు వినబడింది.

గుండు దిగింది. చీకట్లోంచి మెరుస్తూ, గుండ్రంగా తిరుగుతూ, తొట్టి అంచుకు కొట్టుకుని నీళ్లలో మునిగింది. తీగ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊగింది. ముందున్నవాళ్లు చూసింది వెనకవాళ్లకు చెబుతున్నారు. వెనకవాళ్లు తలుపు బయటివాళ్లకు అందిస్తున్నారు.

"తూర్పుకెళ్లింది."

"పడమరకొచ్చింది."

"దారం దాటేసింది."

"బగ్ గారు నవ్వుతున్నారు."

"లేదు, దగ్గుతున్నారు."

"మళ్లీ తూర్పుకే."

తీగ గీసే గుండ్రం చిన్నదవుతోంది. గుమ్మడికాయంత ఉన్నది ఆపిల్ పండంత అయింది. అప్పుడు వెనక ఎవరో తోసుకొస్తూ పెద్ద తలుపు బార్లా తీశారు. గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. తీగ పిచ్చెత్తినట్టు ఊగింది. "తలుపు మూయండ్రా వెధవల్లారా" అని అరిచింది మరెవరో కాదు, పాదిరీగారే. ఆ మాట తర్వాత చాలా ఏళ్లు ఊళ్లో చెప్పుకున్నారు.

మళ్లీ మొదటి నుంచి. కెజయా జనంలోంచి దారి చేసుకుని వచ్చి భర్త పక్కన నిలబడింది. ఆయన తీగను చూడలేక తొట్టిలో నీళ్లను చూస్తున్నాడు. నీళ్ల మీద అలలు తగ్గాయి. గుండ్రం కోడిగుడ్డంత అయింది, నాణెమంత అయింది. అంత మంది ఉన్న చోట, బజారులో ఎవరిదో బాతు అరుపు స్పష్టంగా వినిపించింది.

తీగ నిలిచింది.

బగ్ టోపీ తీసి, మోకాళ్ల మీద వంగి, ముక్కు దారాలకు తగిలేంత దగ్గరగా చూశాడు. ఇటు నుంచి చూశాడు. అటు వెళ్లి చూశాడు. లేచేటప్పటికి మొహం ఎర్రబడింది.

"తగులుతోంది," అన్నాడు. "రెండు దారాలకీ తగులుతోంది."

బురుజులోంచి బజారు దాకా ఒకటే కేక లేచింది. బల్లలు ఊగాయి. ఎవరో ఆంబ్రోస్ వీపు మీద చరిచారు, ఇంకెవరో మెడ పట్టుకుని ముద్దు పెట్టారు. కెజయా ఏడుస్తూ నవ్వుతూ ఆయన చెయ్యి వదల్లేదు. ఆంబ్రోస్ మాత్రం ఆమెను అలాగే పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ బయటికి పరిగెత్తాడు. బజారు నడుమ నిలబడి పైకి చూశాడు. శిఖరం ఇందాకటిలాగే తూర్పుకి ఒరిగి ఉంది.

"తగిలిందంటున్నారు," అంది వెనకే వచ్చిన థర్జా, తనూ పైకి చూస్తూ. "మరైతే నాయనా, వంగింది ఎవరు?"

ఆంబ్రోస్ ఆమె వంక చూశాడు. ఆమె వెనక ఉన్న సత్రం వంక చూశాడు. సత్రం గోడకూ శిఖరానికీ నడుమ ఆకాశం ముక్క కింద సన్నగా, పైకి పోను పోను వెడల్పుగా ఉంది. ఆయన నోరు తెరుచుకుంది.

"థర్జా, మీ పై కిటికీ తెరిచి ఉందా?"

గుండు పైకి మోసుకెళ్లి సత్రం పై కిటికీ అంచు నుంచి వదిలారు. కింద గుండు గోడను అంటుకుని వేలాడాలి. గోడకూ దానికీ మధ్య చెయ్యి చాచినంత సందు. గుండు బజారు మీద వేలాడుతోంది. సత్రమంతా పడమరకు, కాలవ వైపుకు వాలి ఉంది. ఆ వాలు గోడల పక్కన చూస్తే నిటారు శిఖరమే తూర్పుకి ఒరిగినట్టు కనబడింది. పాత ఇళ్లు వంకర్లు పోతాయని అందరికీ తెలుసు. ఎవరికి వాళ్లు తమ ఇల్లు తప్ప అనుకున్నారు. తాతల నాడు తవ్విన కాలవ చిత్తడి నేలలోని నీళ్లు పీల్చి దాన్ని కుంగదీస్తూ వస్తే, ఆ నేల మీద బురుజుతో సహా ఊరంతా కూడబలుక్కున్నట్టు ఒకే వైపుకు వాలిందని ఎవరికీ తట్టలేదు. ఆంబ్రోస్‌కీ తట్టలేదు. ఆ కిటికీల్లోంచే చూస్తూ పెరిగినవాడు మరి.

ఆ తర్వాత జరిగింది సంత కాదు, జాతర. ఎవరి ఇల్లు ఎంత వాలిందో చూసుకోవాలని ఊరంతా ఎగబడింది. మంగలి కత్తెరకు దారం కట్టాడు. రొట్టెల కొట్టాయన కాటా రాయికి పురికొస కట్టాడు. బడిపంతులు తాళంచెవుల గుత్తి వేలాడదీశాడు. పై కిటికీల్లోంచి ఇస్త్రీ పెట్టెలూ, చెంబులూ, ఉల్లిపాయల దండలూ కిందకు దిగుతున్నాయి. సిగ్గుపడినవాడు ఒక్కడు లేడు. పైపెచ్చు పోటీ మొదలైంది.

"మాది రెండు జానలు."

"నీదేముందయ్యా, మా ఇంటికి వచ్చి చూడు. పిల్లి దూరుతుంది."

"మా ఆవిడ పొయ్యి మీద గిన్నె ఎప్పుడూ ఒక పక్కే మాడుస్తుంది. వంట రాదని తిడుతున్నాను ఇన్నేళ్లూ."

"వంట రాక కూడా అయ్యుంటుందిలే."

తెల్లలేడి సత్రాన్ని మించింది లేదని తేలబోతుంటే, బగ్ వచ్చి తన ధాన్యం గిడ్డంగి కూడా కొలవమన్నాడు. కొలిచారు. సత్రం కంటే ఒక్క వేలు తక్కువొచ్చింది. బగ్ ఒప్పుకోలేదు. తీగ మెలితిరిగిందన్నాడు, మళ్లీ వేయమన్నాడు. మళ్లీ వేలు తక్కువే.

"ఓడిపోయావు నాయనా," అంది థర్జా.

బగ్ ఆంబ్రోస్ మీద విరుచుకుపడ్డాడు. "నా గిడ్డంగి కట్టింది నువ్వు కాదటయ్యా? వంకరగా కట్టి పెట్టావా?"

"కట్టినప్పుడు నిటారుగానే ఉందండీ. బార్లీ నింపింది మీరు."

ఆ మాటకు జనం నవ్విన నవ్వుకు బగ్ కూడా మీసం కింద నవ్వక తప్పలేదు. ఇంతలో కెజయా ఇంటి నుంచి వచ్చింది. చేతిలో దారానికి కట్టిన కుట్టుకత్తెర.

"ఆంబ్రోస్, మన వంటింటి కిటికీ చూశాను," అంది.

"ఊ."

"చెప్పమంటావా, వద్దా?"

"చెప్పు."

"నువ్వు కట్టి పదేళ్లన్నా కాలేదు. అప్పుడే బొటనవేలంత."

ఆయన కత్తెర అందుకుని కాసేపు అటూ ఇటూ ఊపాడు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. పంపు గట్టు మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆయన్ని అంతగా నవ్వగా ఎవరూ చూసి ఉండలేదు.

గాలికోడిని ఎప్పుడనుకున్నారో అప్పుడే ఎక్కించారు. దింపే మాట ఇక ఎవరూ ఎత్తలేదు. "కళ్లకి మాత్రం వంకరే," అని బగ్ గొణిగాడు. అయినా ఇచ్చిన మాటకు కట్టుబడ్డాడు. పూతపూసిన రాగి కోడిని ముందు ఊరంతా ఊరేగించారు. గుమ్మం గుమ్మానా ఆపి మోసేవాళ్లకు ఎండుద్రాక్ష రొట్టె, బీరూ ఇచ్చారు. తర్వాత బజారులో నేలమీద పెట్టారు. పైకెక్కే ముందు దాని మీదుగా దూకినవాడు, శిఖరం కొసనున్న కోడిని దూకి దాటానని బతికినన్నాళ్లూ చెప్పుకోవచ్చు. అందుకని పసిపిల్లలను ఎత్తి దాటించారు. ముసలమ్మలు ఇద్దరి భుజాలు పట్టుకుని దాటారు. థర్జా గౌను ఎత్తిపట్టి అవలీలగా దూకింది. బగ్ దూరం నుంచి పరిగెత్తుకొచ్చి దూకి, కోడి తోకకు బూటు తగిలించుకుని, పడి, లేచి, లెక్కకొస్తుందనే వాదించాడు. పాదిరీగారు చుట్టూ చూసి ఎవరూ చూడట్లేదనుకుని దూకారు. అందరూ చూశారు.

ఆంబ్రోస్ దూకలేదు. కోడిని వీపుకు కట్టుకుని క్రాగ్ వెనకే నిచ్చెనలెక్కాడు. చుట్టూ పరంజా లేకుండా ఆయన అంత ఎత్తు ఎప్పుడూ ఎక్కలేదు. పైన గాలి చెవుల్లో హోరెత్తుతోంది. చివరి రాయి మీద ఇనుప కడ్డీకి కోడిని దించి, క్రాగ్ మేకు బిగించేదాకా రెండు చేతులతో పట్టుకున్నాడు. కోడి చేతుల్లోనే ఒకసారి తిరిగి గాలికి ఎదురు నిలిచింది.

"కిందకి చూడకు అబ్బాయ్," అన్నాడు క్రాగ్.

చూడకుండా ఎలా ఉంటాడు. చూశాడు. పైకప్పులూ పొగగొట్టాలూ గోడలూ, పందుల కొట్టం, తన ఇల్లు, బగ్ గిడ్డంగి, అన్నీ కాలవ వైపుకు తల వాల్చి ఉన్నాయి. ఒకే గాలికి వాలిన బార్లీ చేనులా ఉంది ఊరు. బజారులో చీమల్లా ఉన్న జనం టోపీలు ఎగరేస్తున్నారు. ఆ కేకలు పైకి వచ్చేసరికి సన్నగా, పిట్టల అరుపుల్లా వినిపించాయి.

"మావా, చూశావా," అన్నాడు. "అందరూ ఒకే వైపు."

"నేను కళ్లు మూసుకున్నాను. నువ్వే చూసి చెప్పు," అన్నాడు క్రాగ్.

ఆ తర్వాత ఆంబ్రోస్‌కు ఇంకో శిఖరం కట్టే పని రాలేదు. వచ్చినవి బడి భవనాలు, వంతెన, రైలు స్టేషను పక్కన గిడ్డంగులు. వాటికి పునాదులు మాత్రం ఊరివాళ్లు విసుక్కునేంత లోతుగా తీయించేవాడు. "చైనా దాకా తవ్వుతావా నాయనా" అని థర్జా అడిగేది. కిటికీలు పెట్టే రోజున వడ్రంగి పక్కనే నిలబడి స్వయంగా గుండు వేసి చూసుకునేవాడు. ఏటా వసంతంలో చర్చి బురుజులోకి వెళ్లి, రాగి తీగ వదిలి, నిలిచేదాకా కూర్చునేవాడు. మొదట్లో జనం వచ్చి చూసేవాళ్లు. తర్వాత కెజయా ఒక్కతే అల్లిక పని పట్టుకుని వచ్చేది. క్రాగ్ పోయాక తీగ వదలడానికి ఆంబ్రోస్ తానే ఎక్కేవాడు, మోకాళ్లు సహకరించినన్నాళ్లు. ఆ తర్వాత కుర్రవాళ్లను ఎక్కించేవాడు.

కొన్నేళ్లపాటు తీగ దారాలు కలిసేచోటనే నిలిచింది. ఆ తర్వాత ఒక ఏడు వెంట్రుకవాసి తప్పింది. తర్వాత గోరంత. బురుజు నెమ్మదిగా పడమరకు ఒరుగుతోంది, దానితో పాటు శిఖరమూ. కూలే ప్రమాదం ఆయన కాలానికే కాదు, మనవల కాలానికీ లేదని లెక్కలు వేసి పాదిరీగారికి చూపించాడు. కానీ ఒరుగుతోంది.

చివరిసారి చూసిన వసంతంలో తీగ మేకుకు పడమరగా రెండు వేళ్ల దూరంలో ఆగింది. ఆయన చాలాసేపు దాని ముందే కూర్చున్నాడు. తర్వాత తీగ చుట్టలు చుట్టి, కెజయా చెయ్యి పట్టుకుని బజారులోకి వచ్చాడు. తెల్లలేడి సత్రం ముందు బల్ల మీద జెత్రో బగ్ ఎండలో కూర్చుని ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. రెండు చేతులూ కర్ర మీద ఆనించి పైకి చూస్తున్నాడు.

"వెల్‌బోర్న్, ఇలా రావయ్యా," అన్నాడు. "ఇక్కడ కూర్చో. చూడు."

"ఏమిటండీ?"

"నీ శిఖరం. నేను చెప్పలేదూ, నిలదొక్కుకోడానికి కొంత కాలం పడుతుందని. చూడు ఇప్పుడు. చక్కబడింది."

"మీరెప్పుడు చెప్పారండీ అలాగ?"

"చెప్పాను. నీకు గుర్తులేదు. తూర్పు ఒరుగు పోయిందా లేదా? ఒక కన్ను మూసి చూడు."

ఆంబ్రోస్ బల్ల మీద కూర్చున్నాడు. కెజయా నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. ఆయన బొటనవేలు ఎత్తి, ఒక కన్ను మూసి, సత్రం గోడ అంచుకు శిఖరం అంచును జత చేసి చూశాడు. ఆకాశం ముక్క కింద ఎంత వెడల్పుందో పైనా ఇంచుమించు అంతే ఉంది. చూసేకొద్దీ ఆయనకు ఉత్సాహం వచ్చింది. ఇంకో కన్నుతో చూశాడు. లేచి పంపు దగ్గరికి నడిచి అక్కడినుంచి చూశాడు. తన చేతికర్ర పంపు దగ్గరే మరచిపోయి గబగబా వెనక్కి వచ్చాడు.

"నిజమేనండీ," అన్నాడు. "ఇప్పుడే సరిగ్గా నిటారుగా కనిపిస్తోంది."

"నేననలా?" అన్నాడు బగ్.

ఆంబ్రోస్ చంకలోని రాగి తీగ చుట్టను బల్ల కింద పెట్టి, లోపలికి తొంగిచూసి థర్జాను మూడు గ్లాసుల బీరు తెమ్మన్నాడు.